ముసాయిదా దశలోనే మన మాట
(కేంద్ర ప్రభుత్వ నిబంధనలు - చిన్న ఉత్పత్తిదారులు: ఒక పరిశీలన)

కురవి వీరభద్రస్వామి జాతరకు వెళ్ళిన మిత్రులందరికీ అక్కడి బొమ్మల దుకాణాలు గుర్తుండే ఉంటాయి. ఒకవైపు ప్లాస్టిక్ కార్లు, తుపాకులు, బ్యాటరీతో గంతులేసే కోతులు. ఇంకోవైపు చెక్క బొంగరాలు, తాడు కట్టి లాగే చెక్క బండ్లు. మొదటి రకం ఎక్కడో తయారై వస్తాయి. రెండో రకం చేసేవాళ్ళు మన పక్క వీధిలోనే ఉంటారు.

దంతాలపల్లిలో తలుపులు, కిటికీలు, వ్యవసాయ పనిముట్లు చేసే ఒక వడ్రంగి తాత, జాతర రోజులు దగ్గర పడుతుంటే మిగిలిన చెక్క ముక్కలతో పిల్లల బండ్లు, బొంగరాలు చేసి అమ్మేవారు. ఈ వ్యాసం రాసే ముందు మేము ఆయన దగ్గరికి వెళ్ళి, "తాతా, ఐఎస్ఐ మార్కు లేకుండా పిల్లల బొమ్మలు అమ్మకూడదని 2020లో ఢిల్లీ నుండి ఉత్తర్వు వచ్చింది, మీకు తెలుసా?" అని అడిగాం. ఆయన చేతిలోని బాడిశ పక్కన పెట్టి, "గా కాయితం మాకెవ్వలు జూపెట్టిండ్రు బిడ్డా? జూపెడితె మాత్రం నాకు సదువొస్తదా?" అన్నారు.

తాత వేసినవి రెండు ప్రశ్నలు. ఒకటి: నిబంధన తయారయ్యేటప్పుడు దాన్ని చిన్న ఉత్పత్తిదారుకు ఎవరు చూపిస్తారు? రెండు: చూపించినా అది అతనికి అర్థమయ్యే భాషలో ఉంటుందా? ఈ రెండు ప్రశ్నలకు మాకు తెలిసినంతలో జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. పోటీ పరీక్షలకు చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పాఠంగా కూడా పనికి వస్తుందని ఆశిస్తున్నాం.

చట్టం వేరు, నిబంధన వేరు

చట్టం చేసేది పార్లమెంటు అని మనం పదో తరగతిలోనే చదువుకున్నాం. అయితే చట్టంలో అన్ని వివరాలూ ఉండవు. ఏ వస్తువుకు ఏ పరీక్ష, ఎంత రుసుము, ఏ తేదీ నుండి అమలు వంటి సంగతులను నిర్ణయించే అధికారాన్ని పార్లమెంటు ప్రభుత్వ శాఖలకు అప్పగిస్తుంది. ఆ శాఖలు నియమాలు, నిబంధనలు, ఉత్తర్వులు తయారు చేసి గెజిట్‌లో ప్రకటిస్తాయి. పాలనాశాస్త్రంలో దీనినే దత్త శాసనం అంటారు.

ఉదాహరణకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) చట్టం, 2016 తీసుకుందాం. అందులో బొమ్మల గురించి ప్రత్యేకంగా ఏమీ లేదు. కానీ 16వ సెక్షన్ ప్రకారం, ప్రజాప్రయోజనం కోసమో, ఆరోగ్య రక్షణ కోసమో అవసరమనుకుంటే, కేంద్ర ప్రభుత్వం ఏ వస్తువుకైనా ప్రామాణిక మార్కును తప్పనిసరి చేయవచ్చు. అలా తప్పనిసరి చేసిన వస్తువును మార్కు లేకుండా తయారు చేయడమే కాదు, అమ్మడం, నిల్వ చేయడం, అమ్మకానికి పెట్టడం కూడా 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. అంటే బొమ్మ చేసిన వడ్రంగితో పాటు జాతరలో గుడ్డ పరిచి అమ్మే అవ్వ కూడా ఆ పరిధిలోకి వస్తుంది. 2020 నాటికి ఆ చట్టంలోని 29వ సెక్షన్ కింద శిక్ష రెండేళ్ళ వరకు జైలు, లేదా మొదటి తప్పుకు కనీసం 2 లక్షల రూపాయల జరిమానా, లేదా రెండూ.

బొంగరం ధర ఎంతో, 2 లక్షలంటే ఎంతో మనకు తెలుసు. అందుకే నిబంధన చిన్నదిగా కనిపించినా దాని బరువు చిన్నవాడి మీద ఎక్కువగా పడుతుంది. పెద్ద కంపెనీకి న్యాయ సలహాదారు ఉంటాడు, ఢిల్లీలో కార్యాలయం ఉంటుంది, పరీక్షశాల ఖర్చును లక్ష వస్తువుల మీద పంచుకోగలదు. వంద బొమ్మలు చేసేవాడు అదే ఖర్చును వంద బొమ్మల మీదే వేసుకోవాలి.

ముసాయిదా అంటే ఏమిటి?

నిబంధన ఖరారు కాకముందు తయారయ్యే చిత్తుప్రతిని ముసాయిదా అంటారు. దీనికి పాత చట్టమే ఒకటి ఆధారంగా ఉంది. అది బ్రిటిష్ వారి కాలం నాటి జనరల్ క్లాజెస్ చట్టం, 1897. అందులోని 23వ సెక్షన్ చెప్పే పద్ధతి ఇది:

1. నిబంధన చేసే అధికారి ముందుగా ముసాయిదాను ప్రకటించాలి.
2. ఆ ముసాయిదాను ఏ తేదీ నుండి పరిశీలనకు తీసుకుంటారో దానితో పాటే తెలపాలి.
3. ఆ తేదీ లోపల ఎవరు పంపిన అభ్యంతరాన్నైనా, సూచననైనా పరిశీలించాలి.
4. ఆ తరువాతే తుది నిబంధనను గెజిట్‌లో ప్రకటించాలి.

మూడో అంశాన్ని మనం గుర్తుపెట్టుకోవాలి. "ఎవరు పంపినా" అనే మాటలో మంత్రి పంపినదీ, కంపెనీ పంపినదీ, దంతాలపల్లి వడ్రంగి పంపినదీ సమానమే. గడువు లోపల చేరితే దాన్ని పరిశీలించడం అధికారి దయ కాదు, బాధ్యత.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. మూల చట్టంలో "ముందుగా ప్రచురించాలి" అనే షరతు ఉన్నప్పుడే 23వ సెక్షన్ వర్తిస్తుంది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006లో ఆ షరతు ఉంది. కాబట్టి పచ్చళ్ళు, కారం పొడి తయారు చేసే మన మహిళా సంఘాలకు సంబంధించిన ఆహార నిబంధన ఏదైనా ముందు ముసాయిదాగా రావాలి. పర్యావరణ నిబంధనలకు కూడా సాధారణంగా 60 రోజుల గడువుతో ముసాయిదా వస్తుంది. కానీ బీఐఎస్ చట్టం 16వ సెక్షన్‌లో ఆ షరతు లేదు. అక్కడ ఉత్తర్వు ఇచ్చే ముందు ప్రమాణాల సంస్థను సంప్రదించాలని మాత్రమే ఉంది. బొమ్మలు చేసేవారిని సంప్రదించాలని లేదు.

ఇంకో విచిత్రం చూడండి. 1995లో ఏర్పడిన ప్రపంచ వాణిజ్య సంస్థలో మన దేశం సభ్యదేశం. వ్యాపారానికి సాంకేతిక అవరోధాల ఒప్పందం ప్రకారం, ఇతర దేశాల వ్యాపారం మీద ప్రభావం చూపే సాంకేతిక నిబంధనను ముసాయిదా దశలోనే ఆ దేశాలకు తెలియజేయాలి. సభ్యదేశాలు వ్యాఖ్యానించడానికి కనీసం 60 రోజులు ఇవ్వాలన్నది ఆ ఒప్పంద కమిటీ సిఫారసు. అంటే సముద్రాల అవతల ఉన్న ఫ్యాక్టరీకి సమాచారం చేరే దారి ఒకటి ఖాయంగా ఉంది. కొండపల్లిలో, నిర్మల్‌లో ఉన్న కళాకారుడికి అలాంటి దారి లేదు.

2020 బొమ్మల ఉత్తర్వు

ఇప్పుడు అసలు ఉదాహరణకు వద్దాం. 2019లో భారత నాణ్యతా మండలి ఢిల్లీ ప్రాంతపు మార్కెట్ నుండి దిగుమతి బొమ్మలను తెప్పించి పరీక్షిస్తే దాదాపు 67 శాతం బొమ్మలు పరీక్షల్లో తప్పాయి. పసిపిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు. రంగులో సీసం ఉంటే అది నేరుగా కడుపులోకి పోతుంది. ఊడి వచ్చే చిన్న ముక్క గొంతులో అడ్డం పడుతుంది. కాబట్టి ప్రభుత్వం కలగజేసుకోవడం తప్పు కాదు, అవసరం.

2020 ఫిబ్రవరి 25న కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ బొమ్మల (నాణ్యతా నియంత్రణ) ఉత్తర్వు, 2020 జారీ చేసింది. 14 ఏళ్ళ లోపు పిల్లలు ఆడుకోవడానికి తయారు చేసే ప్రతి వస్తువూ దీని కిందకు వస్తుంది. అది ఐఎస్ 9873, విద్యుత్ బొమ్మ అయితే ఐఎస్ 15644 అనే ప్రమాణాలకు సరిపోవాలి. తయారీదారు బీఐఎస్ లైసెన్సు తీసుకుని ఐఎస్ఐ మార్కు వేయాలి. లైసెన్సు కావాలంటే దరఖాస్తు, రుసుములు, తయారీ స్థలం తనిఖీ, నమూనాల పరీక్షలు ఉంటాయి.

మొదట ఇది 2020 సెప్టెంబరు 1 నుండి అమలు కావలసి ఉంది. అది కరోనా సంవత్సరం. సెప్టెంబరులో వచ్చిన సవరణతో గడువు 2021 జనవరి 1కి మారింది.

దిగుమతుల సంగతి పక్కన పెడితే, తెలుగు నేల మీద ఈ ఉత్తర్వు ఎవరి మీద పడుతుంది? కృష్ణా నది ఒడ్డున తెల్ల పొణికి కర్రతో దశావతారాలు, అంబారీ ఏనుగు చేసే కొండపల్లి కళాకారుల మీద. పొణికి కర్రతోనే పండ్లు, పక్షులు, జంతువులు చెక్కే నిర్మల్ కళాకారుల మీద. అంకుడు కర్రను లేతు మీద తిప్పి లక్క రంగులు అద్దే ఏటికొప్పాక కళాకారుల మీద. చెరియాల్‌లో చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి బొమ్మలు, మాస్కులు చేసేవారి మీద. వీళ్ళంతా ఇంటి వసారాలో పని చేసేవాళ్ళు. తనిఖీ చేయడానికి ఫ్యాక్టరీ లేదు, పరీక్షశాల పెట్టడానికి గది లేదు.

ఫిబ్రవరి ఉత్తర్వులో వీరికి మినహాయింపు లేదు. 2020 డిసెంబరు 11న వచ్చిన రెండో సవరణలో రెండు మినహాయింపులు చేర్చారు. ఒకటి, కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు స్వయంగా చేసి అమ్మే బొమ్మలకు. రెండు, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలను, ఆ గుర్తింపు యజమాని గానీ, అధీకృత వినియోగదారుగా నమోదైనవారు గానీ తయారు చేసి అమ్మితే వాటికి. కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి ఊపిరి పీల్చుకోగలిగారు. సూక్ష్మ పరిశ్రమలకు సొంత పరీక్షశాల లేకుండానే లైసెన్సు ఇచ్చే వెసులుబాటును కూడా బీఐఎస్ ఆ తరువాత కల్పించింది.

సవరణ రావడం మంచిదే. కానీ తేదీలను ఒకసారి లెక్కపెట్టండి. ఉత్తర్వు వచ్చింది ఫిబ్రవరిలో. మినహాయింపు వచ్చింది డిసెంబరులో, అమలుకు మూడు వారాల ముందు. తొమ్మిదిన్నర నెలల పాటు ఆ కుటుంబాలు తమ పని చట్టబద్ధమో కాదో తెలియని స్థితిలో ఉన్నాయి. ఈ రెండు వాక్యాలను ముసాయిదా దశలోనే చేర్చి ఉంటే ఆ నిరీక్షణ తప్పేది.

మినహాయింపు ఎవరికి అందలేదు?

మినహాయింపు వాక్యాన్ని జాగ్రత్తగా చదివితే అది "చేతితో చేసిన బొమ్మలకు" కాదని, "నమోదైన" వారికే అని తెలుస్తుంది. పేరున్న కళకు భౌగోళిక గుర్తింపు ఉంది. సంఘం ఉన్న చోట కళాకారుల గుర్తింపు కార్డు 'పహచాన్' ఉంది. మన దంతాలపల్లి తాత చేసే బండికి ఏ గుర్తింపూ లేదు. ఆయన దగ్గర ఆ కార్డూ లేదు. కొండపల్లి బొమ్మను కాపాడిన వాక్యం దంతాలపల్లి బొంగరాన్ని కాపాడలేదు.

ఇది ఎవరో కావాలని చేసిన అన్యాయం అని మేము అనడం లేదు. ఢిల్లీలో కూర్చుని రాసేవారికి కొండపల్లి పేరు తెలుసు. ప్రతి ఊళ్ళో పేరులేని ఒక బొమ్మల మనిషి ఉంటాడని తెలియదు. చెప్పేవాళ్ళు లేకపోతే ఎవరికైనా ఎలా తెలుస్తుంది?

'సూక్ష్మ పరిశ్రమ' అనే మాటలోనూ ఇదే చిక్కు ఉంది. 2020 జూలై 1 నుండి వచ్చిన నిర్వచనం ప్రకారం 1 కోటి పెట్టుబడి, 5 కోట్ల వార్షిక టర్నోవరు దాటనిది సూక్ష్మ పరిశ్రమ. 2025 ఏప్రిల్ 1 నుండి ఆ పరిమితులను 2.5 కోట్లకు, 10 కోట్లకు పెంచారు. కోట్ల టర్నోవరు ఉన్న యూనిట్, ఒంటరి వడ్రంగి ఇద్దరూ ఒకే గంపలో పడతారు. గంపలో పెద్దవాడి మాటే పైకి వినిపిస్తుంది.

నాణ్యత వద్దని కాదు

కొందరు మిత్రులు "అయితే చిన్నవాళ్ళకు ఏ నిబంధనా ఉండకూడదా?" అని అడగవచ్చు. మా అభిప్రాయం అది కాదు. మన ఇంట్లో పసిపిల్ల నోట్లో పెట్టుకునేదీ ఆ బొమ్మనే.

ఏటికొప్పాక దీనికి మంచి జవాబు. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో కళాకారులు ఒక దశలో రసాయన రంగుల వైపు మళ్ళారు. సి.వి. రాజు గారు చెట్ల బెరళ్ళు, గింజలు, ఆకుల నుండి రంగులు తీసే పద్ధతిని మళ్ళీ అభివృద్ధి చేసి తోటి కళాకారులకు నేర్పించారు. ఆ కృషికి ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఐఎస్ 9873లో మూడో భాగం చూసేది రంగుల నుండి సీసం వంటి హానికర మూలకాలు బయటికి వస్తాయా అన్నదే. ఆ భద్రతను ఏటికొప్పాక వాళ్ళు తమ పద్ధతిలో వెతుక్కున్నారు.

అంటే చిన్న ఉత్పత్తిదారు భద్రతకు వ్యతిరేకి కాదు. అతను అడిగేది మూడే: నేర్చుకోవడానికి సమయం, భరించగలిగే ఖర్చు, తన పని తీరును అర్థం చేసుకున్న పద్ధతి. తరువాతి సంవత్సరాల్లో వచ్చిన అనేక నాణ్యతా నియంత్రణ ఉత్తర్వుల్లో చిన్న పరిశ్రమలకు 3 నెలలు, సూక్ష్మ పరిశ్రమలకు 6 నెలలు అదనపు గడువు ఇవ్వడం మొదలుపెట్టారు. అందరికీ ఒకే తేదీ సరిపోదని ఒప్పుకోవడమే ఇది.

ముసాయిదాయే లేనప్పుడు

మన జిల్లాల్లో చాలామందికి బొమ్మల కన్నా బట్టతో అనుబంధం ఎక్కువ. వరంగల్ కొత్తవాడ జంపఖానాలు, సిరిసిల్ల మరమగ్గాలు మనకు తెలిసినవే. 2021 సెప్టెంబరు 17న లక్నోలో జరిగిన 45వ జీఎస్టీ మండలి సమావేశం వస్త్రాల మీద పన్ను రేట్లను సవరించాలని నిర్ణయించింది. నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది. 5 శాతం ఉన్న పన్ను 2022 జనవరి 1 నుండి 12 శాతం అవుతుందని అందులో ఉంది. పన్ను రేటుకు ముసాయిదా ఉండదు, అభ్యంతరాలకు గడువు ఉండదు. నేత సంఘాలు, వ్యాపారులు ఆందోళన చేశారు. అప్పటి తెలంగాణ పరిశ్రమల మంత్రి కె. తారకరామారావు కేంద్రానికి లేఖ రాశారు. మరికొన్ని రాష్ట్రాలు కూడా వ్యతిరేకించాయి. చివరికి 2021 డిసెంబరు 31న, అంటే అమలుకు ఒక్క రోజు ముందు, 46వ సమావేశంలో వస్త్రాల పెంపును వాయిదా వేశారు.

ఇక్కడ మాట వినిపించింది. కానీ అది ధర్నాల ద్వారా, రాష్ట్ర ప్రభుత్వాల ద్వారా వినిపించింది. అంత బలం లేని వృత్తుల సంగతేమిటి? అంతకు ముందు సంవత్సరం, 2020 జూలై, ఆగస్టు నెలల్లో, అఖిల భారత చేనేత బోర్డునూ, 1952 నుండి ఉన్న అఖిల భారత హస్తకళల బోర్డునూ కేంద్రం రద్దు చేసింది. అవి సలహా మండళ్ళు మాత్రమే, వాటికి అధికారం తక్కువ. అయినా నేతకారులు, కళాకారులు ప్రభుత్వం ఎదుట కూర్చునే కుర్చీలు అవి. కుర్చీలు తగ్గుతున్నప్పుడు కాగితం మీద రాసి పంపే అభ్యంతరానికి విలువ మరింత పెరుగుతుంది.

రెండో ప్రశ్న: భాష

తాత రెండో ప్రశ్నకు వద్దాం. అధికార భాషల చట్టం, 1963 ప్రకారం కేంద్ర నోటిఫికేషన్లు హిందీలో, ఇంగ్లీషులో వస్తాయి. తెలుగులో రావాలన్న నియమం లేదు. 2015 అక్టోబరు నుండి భారత గెజిట్‌ను కాగితం మీద ముద్రించడం కూడా ఆపేసి కంప్యూటర్‌లోనే ఉంచుతున్నారు. ఉచితంగా చదువుకోవచ్చు గానీ, చదవగలిగే వాడికే అది ఉచితం.

ఈ విషయంలో 2020లో ఒక మంచి తీర్పు వచ్చింది. పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదాను కేంద్రం 60 రోజుల గడువుతో ప్రకటించింది. లాక్‌డౌన్ కాలం కాబట్టి గడువు చాలదనీ, రెండు భాషల్లోనే ఉంటే దేశమంతటి ప్రజలు స్పందించలేరనీ ఢిల్లీ హైకోర్టులో కేసు వేశారు. 2020 జూన్ 30న హైకోర్టు గడువును ఆగస్టు 11 వరకు పొడిగిస్తూ, ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లోకి ముసాయిదాను అనువదించాలని ఆదేశించింది. కేంద్రం ఆ ఆదేశాన్ని సవాలు చేసింది. దేశం నలుమూలల నుండి లక్షల సంఖ్యలో అభిప్రాయాలు వెళ్ళాయి. అర్థమైతే ప్రజలు స్పందిస్తారనడానికి ఇదే రుజువు.

ఇంకో ముఖ్య విషయం. నోటిఫికేషన్ తెలుగులో రాకపోవచ్చు గానీ, మన జవాబు తెలుగులో వెళ్ళవచ్చు. తన ఇబ్బందిని తీర్చమని కేంద్రంలో గానీ, రాష్ట్రంలో గానీ ఏ అధికారికైనా, అక్కడ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విజ్ఞాపన ఇచ్చే హక్కు ప్రతి వ్యక్తికీ ఉందని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది. "ఇంగ్లీషు రాదు కదా" అని వెనక్కి తగ్గనవసరం లేదు.

అభిప్రాయాలు ఎలా సేకరించాలి?

దీనికి మంచి పద్ధతి కాగితం మీద ఇప్పటికే ఉంది. 2014 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం శాసన పూర్వ సంప్రదింపుల విధానాన్ని ప్రకటించింది. దాని ప్రకారం ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలి. అది ఎందుకు అవసరమో, ఖర్చు ఎంతో, దాని వల్ల ప్రజల బతుకుల మీద, జీవనాధారాల మీద ఏ ప్రభావం పడుతుందో చెప్పాలి. సామాన్యులకు అర్థమయ్యేలా వివరణ ఇవ్వాలి. ఒక ప్రత్యేక వర్గం మీద ప్రభావం పడేటట్లయితే ఆ వర్గానికి చేరేలా ప్రచారం చేయాలి. వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని బయట పెట్టాలి. సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ కూడా ప్రజల మీద ప్రభావం చూపే విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలను ప్రభుత్వమే స్వయంగా ప్రకటించాలంటుంది.

2014 విధానం చట్టం కాదు. అందువల్ల పాటించకపోయినా గట్టిగా అడిగేవాళ్ళు తక్కువ. కానీ అడగడానికి మన చేతిలో ఒక ఆధారం ఉందని తెలుసుకోవాలి.

ఈ ఆలోచన మనకు కొత్త కాదు. 1942 జూలైలో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా చేరిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్, ఆ ఆగస్టులో ఢిల్లీలో జరిగిన త్రైపాక్షిక కార్మిక సమావేశానికి అధ్యక్షత వహించారు. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు అది. ఎవరి మీద నియమం పడుతుందో వారు ఆ గదిలో ఉండాలన్నదే దాని సారం.

ముసాయిదా చేతికి వస్తే

మన జూనియర్ల కోసం మేము పాటించే పద్ధతిని కింద ఇస్తున్నాం. ఏ ముసాయిదా చదివినా ఈ ఏడు ప్రశ్నలు వేసుకోండి.

1. ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఇది వస్తోంది?
2. నిర్వచనంలో ఎవరు పడుతున్నారు? తయారు చేసేవారేనా, అమ్మేవారు కూడానా?
3. ఎవరికి మినహాయింపు ఉంది? నమోదు లేనివారు ఏమవుతారు?
4. ఎప్పటి నుండి అమలు? చిన్నవారికి అదనపు గడువు ఉందా?
5. ఖర్చు ఎంత? పరీక్షశాల ఎంత దూరంలో ఉంది?
6. తప్పితే శిక్ష ఏమిటి?
7. అభ్యంతరాలకు చివరి తేదీ ఏది? ఏ చిరునామాకు పంపాలి?

జవాబు రాసేటప్పుడు "ఈ నిబంధన అన్యాయం, రద్దు చేయండి" అని రాస్తే ప్రయోజనం తక్కువ. ఏ వాక్యం ఇబ్బందో చూపించి, దాని స్థానంలో ఏ వాక్యం ఉండాలో రాయాలి. 2020లో బొమ్మల ఉత్తర్వు ముసాయిదాగా మా చేతికి వచ్చి ఉంటే ఇలా రాసేవాళ్ళం:

"మాది వడ్రంగి వృత్తి. జాతరల సమయంలో చెక్క ముక్కలతో పిల్లల బండ్లు, బొంగరాలు చేసి అమ్ముకుంటాం. విద్యుత్, రసాయన రంగులు వాడం. పరీక్షశాల, లైసెన్సు ఖర్చు మా ఏడాది బొమ్మల అమ్మకం కన్నా ఎక్కువ. కాబట్టి మినహాయింపులో నమోదైన కళాకారులతో పాటు, తన ఇంటి వద్ద చేతితో తయారు చేసి స్వయంగా అమ్ముకునే గ్రామీణ వృత్తిదారులు అనే మాట చేర్చగలరు. గ్రామ పంచాయతీ ఇచ్చే ధ్రువపత్రాన్ని గుర్తింపుగా అంగీకరించగలరు. పిల్లలకు హాని లేని రంగులు, అంచులు నునుపు చేసే పద్ధతి గురించి మండల కేంద్రంలో ఒక రోజు శిక్షణ ఇప్పించగలరు."

ఇంతే. పది వాక్యాలు చాలు. ఇందులో వృత్తి ఏమిటో ఉంది, ఇబ్బంది ఏమిటో ఉంది, పరిష్కారం కూడా ఉంది. కింద పదిమంది సంతకాలు గానీ, వేలిముద్రలు గానీ ఉంటే ఇంకా మంచిది. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. జిల్లా పరిశ్రమల కేంద్రానికి ఒక ప్రతి, మన పార్లమెంటు సభ్యునికి ఒక ప్రతి పంపాలి. తుది నిబంధన వచ్చాక, మన సూచన మీద ఏమి నిర్ణయించారో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. నిబంధన అమల్లోకి వచ్చిన తరువాత కూడా పార్లమెంటులో సబార్డినేట్ శాసనాల కమిటీ అనేది ఒకటి ఉందని మరిచిపోవద్దు. నిబంధనలు చట్టం హద్దు దాటాయా అని చూడడమే దాని పని.

మన వసతి గృహం ఏమి చేయగలదు?

ఈ వసతి గృహంలో చదివిన వాళ్ళలో చాలామందిమి మా ఇళ్ళలో మొదటి డిగ్రీవాళ్ళం. మా ఇంటికి ఏ కాగితం వచ్చినా చదివి చెప్పేది మేమే. రేషన్ కార్డు, కరెంటు బిల్లు, బ్యాంకు నోటీసు అన్నీ మా చేతుల మీదుగానే పోతాయి. అలవాటైన ఆ పనినే ఇంకొంచెం పెంచాలని మేము అడుగుతున్నాం. ఇంటి కాగితంతో పాటు వాడ కాగితం, వృత్తి కాగితం కూడా చదవాలి.

అందుకు మా ప్రతిపాదన చిన్నది. వసతి గృహం నోటీసు బోర్డులో ఒక మూల 'ముసాయిదా' అని పేరు పెట్టి ఖాళీగా ఉంచండి. ఇంటర్, డిగ్రీ చదివే ఇద్దరు విద్యార్థులు నెలకు ఒకసారి గెజిట్ చూసి, మన ఊళ్ళ వృత్తులకు సంబంధించిన ముసాయిదా ఏదైనా ఉంటే దాని సారాంశాన్ని తెలుగులో పది వాక్యాల్లో రాసి అక్కడ అతికించండి. చివరి తేదీని ఎర్ర సిరాతో రాయండి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు సంబంధం ఉన్నవారికి చదివి వినిపించండి. ఇంగ్లీషు దగ్గర సందేహం వస్తే పూర్వ విద్యార్థులమైన మేము సాయం చేస్తాం. ఇది పరీక్షలకూ పనికి వస్తుంది, మనవాళ్ళకూ పనికి వస్తుంది.

ఈ వ్యాసం చిత్తుప్రతిని దంతాలపల్లి తాతకు చదివి వినిపించాం. అంతా విని ఆయన, "అయితె ఇంగోసారి గసుంటి కాయితం వస్తె, చివరి తారీకు లోపలనే చెప్పుండ్రి బిడ్డా" అన్నారు. మేము సరేనన్నాం. ఆ మాట నిలబెట్టుకోవడానికి మాకు మీ తోడు కావాలి.